తలుపు మీది రాత, తెర మీది ఆట

కర్నూలు పాతబస్తీలో మా అక్కవాళ్ళ ఇంటి వీధి తలుపుకు ఇప్పటికి మూడుసార్లు రంగు వేయించారు. అయినా సాయంత్రం ఎండ ఏటవాలుగా పడినప్పుడు చూస్తే, తొంభైలలో ఎవరో నూనె రంగుతో రాసిన అక్షరాల అంచులు పై రంగును తోసుకొని కనిపిస్తాయి. "ఓ స్త్రీ రేపు రా" అన్నది ఆ రాత. రాత్రిపూట ఒక ఆడ దెయ్యం వీధుల్లో తిరుగుతోందని, తలుపు తట్టి అయినవాళ్ళ గొంతుతో పేరు పెట్టి పిలుస్తుందని, పలికినవాళ్ళు తెల్లారేసరికి బతికి ఉండరని, తలుపు మీద ఈ నాలుగు మాటలు కనబడితే మాత్రం చదువుకొని మరునాటికి వాయిదా వేసుకొని పోతుందని అప్పట్లో ఊరూరా చెప్పుకున్నారు. కర్ణాటకలో ఇదే మాట "నాళె బా" అయింది. ఆ దెయ్యానికి రెండు లిపులూ వచ్చునని అనుకోవాలి.

ఆ తలుపు వెనక నడవలో గోడకు ఆనుకొని కూర్చున్న మా మేనల్లుడు ఫోన్‌లో "గ్రానీ" ఆడుతున్నాడు. తాళం వేసిన ఇంట్లో చిక్కుకున్నవాడు 5 రోజుల్లో బయటపడాలి, బ్యాట్ పట్టుకొని తిరిగే ముసలమ్మకు చిన్న చప్పుడైనా వినబడుతుంది, వినబడితే వస్తుంది, వస్తే మంచం కిందో బీరువాలోనో నక్కాలి. చేతిలోని చెంబు నేను కాస్త గట్టిగా కింద పెట్టేసరికి వాడు తల ఎత్తకుండానే "చప్పుడు చేయొద్దు మామా, అవ్వ వచ్చాది" అన్నాడు. మన ఇంట్లో చప్పుడు ఆటలోని ముసలమ్మకు వినబడదని వాడికీ తెలుసు. తొంభైలలో తలుపు మీద రాసినవాళ్ళకు కూడా దెయ్యం ఉందో లేదో తేలదని తెలుసు, అయినా రాశారు. పలకకూడదన్నది ఒక నియమం, చప్పుడు చేయకూడదన్నది మరొక నియమం. ఇంటర్నెట్‌లో పుట్టిన వదంతులు వీడియో గేములుగా మారిన చరిత్ర అంతా ఈ నియమం చుట్టూనే నడిచింది. వదంతిలో దెయ్యం రూపం ఎంత అస్పష్టంగా ఉన్నా ఫరవాలేదు కానీ, దాని నుంచి తప్పించుకొనే షరతు స్పష్టంగా ఉండాలి. ఆ షరతు ఉన్న వదంతి సగం ఆటే.

ఇంటర్నెట్‌కు ముందు ఈ పని జిరాక్స్ షాపులు చేసేవి. ఫలానా ఊరి గుడిలో పాము మనిషి రూపమెత్తి పూజారితో మాట్లాడిందని, ఇది చదివినవారు వెయ్యి కాపీలు అచ్చు వేయించి పంచితే కలిసివస్తుందని, చించి పారేస్తే రక్తం కక్కుకుంటారని ఉండే కరపత్రాలు మా ఇంటికీ వచ్చేవి. మా నాయన వాటిని పంచేవాడు కాదు, చించేవాడూ కాదు. పంచాంగం కింద పెట్టేవాడు. ఇంగ్లిష్ ఇంటర్నెట్‌లో ఒకచోటి నుంచి మరోచోటికి యథాతథంగా అతికించుకొంటూ పోయే ఇటువంటి రాతలకు కాపీ పేస్ట్ అన్న మాటను వంకర తిప్పి "కాపీపాస్తా" అని పేరు పెట్టారు. వాటిలో భయపెట్టేవి 2000ల చివరి ఏళ్ళలో "క్రీపీపాస్తా" అయ్యాయి.

ఈ కథలలో పుట్టిన తేదీ ఖచ్చితంగా తెలిసినది స్లెండర్ మ్యాన్. మన దెయ్యాల కథలకు జన్మ నక్షత్రాలు దొరకవు, దీనికి దొరికింది. 2009 జూన్ 10న సంథింగ్ ఆఫుల్ అనే వెబ్‌సైట్‌లో, మామూలు ఫొటోలను మార్చి దెయ్యపు ఫొటోలుగా తయారు చేసే పోటీలో ఎరిక్ నూడ్‌సెన్ అనే అమెరికన్ "విక్టర్ సర్జ్" అన్న మారుపేరుతో రెండు నలుపు తెలుపు ఫొటోలు పెట్టాడు. పిల్లలు ముందుంటారు, వెనక ఎక్కడో నల్ల సూటు వేసుకొని, ముఖం లేకుండా, మనిషికి ఉండవలసిన దానికంటే పొడుగ్గా ఒక ఆకారం నిలబడి ఉంటుంది. ఒక ఫొటో కింద 1983 నాటిదని, తీసినవారెవరో తెలియదని, చనిపోయి ఉండవచ్చునని ఒక చిన్న వాక్యం చేర్చాడు. పుకారు పుట్టించే నేర్పు అంతా ఆ వాక్యంలోనే ఉంది: ఎవరినీ నమ్మమనలేదు, అడగడానికి సాక్షిని మాత్రం మిగల్చలేదు. పోటీ కోసం చేసిన కల్పన అని ఆ పుటలోనే కనబడుతున్నా, ఫొటో ఆ పుట దాటిన మరుక్షణం నుంచి ఆ సంగతి దానితో పాటు ప్రయాణం చేయలేదు.

అదే నెలలో యూట్యూబ్‌లో మొదలైన "మార్బుల్ హార్నెట్స్" అనే ధారావాహిక ఈ ఆకారం దగ్గరికి వస్తే కెమెరా బొమ్మ చెదిరి గరగరలాడుతుందన్న లక్షణాన్ని కథకు అంటించింది. ఫొటోలో లేని నియమం అలా వచ్చి చేరింది. 2012 జూన్‌లో మార్క్ హ్యాడ్లీ ఉచితంగా విడుదల చేసిన "స్లెండర్: ది ఎయిట్ పేజెస్" అన్న చిన్న కంప్యూటర్ గేము దాన్నే అందుకొంది. చీకటి అడవి, చేతిలో ఒక టార్చి, చెట్లకూ గోడలకూ అతికించిన 8 కాగితాలు, అంతే. ఆయుధం లేదు. కాగితం దొరికిన కొద్దీ వెనక ఉన్నవాడు మరింత పట్టుదలగా వెంటాడతాడు. అతని వైపు చూస్తూ నిలబడితే తెర గరగరలాడి ఆట ముగుస్తుంది. చూడకపోతే ఎక్కడున్నాడో తెలియదు, చూస్తే చస్తాము. డబ్బూ, పెద్ద బృందమూ లేకుండా అంత భయం పుట్టించడం సాధ్యమైందంటే, భయాన్ని తయారు చేసే పని అంతకు ముందు మూడేళ్ళుగా వేలమంది జీతం లేకుండా చేసిపెట్టారు కాబట్టే. ఆడేవాళ్ళు ఉలిక్కిపడే వీడియోలను చూసి నవ్వుకోవడం యూట్యూబ్‌లో ఒక వినోదంగా స్థిరపడడంలో ఈ గేముకు పెద్ద వాటా ఉంది. దానికి కొనసాగింపుగా డబ్బు పెట్టి కొనుక్కోవలసిన "స్లెండర్: ది అరైవల్" 2013లో వచ్చింది.

2014 మే 31న అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం వాకెషా పట్టణంలో 12 ఏళ్ళ బాలికలిద్దరు తమ తోటి విద్యార్థినిని అడవిలోకి తీసుకువెళ్ళి 19 సార్లు పొడిచారు. స్లెండర్ మ్యాన్ మెప్పు కోసం చేశామని చెప్పారు. ఆ బాలిక ప్రాణాలతో బయటపడింది. నేరం చేసిన ఇద్దరూ మానసిక వ్యాధిగ్రస్తులని తేల్చి కోర్టు వారిని చికిత్స కేంద్రాలకు పంపింది. కల్పిత కథకు ఇంత బలముందా అని దిగ్భ్రాంతి చెందినవారు, ఆ బలం అప్పటికే కుదేలైన మనసులో చోటు చేసుకొన్న సంగతిని అంతగా పట్టించుకోలేదు.

ఎస్సీపీ, అంటే "స్పెషల్ కంటెయిన్‌మెంట్ ప్రొసీజర్స్" కథ వేరు. 2007లో, పేరు చెప్పకుండా ఎవరైనా రాయగల ఫోర్‌చాన్ అనే వెబ్‌సైట్‌లో ఎవరో ఒక విచిత్ర శిల్పం ఫొటో పెట్టి, దానికి 173 అన్న నంబరు వేసి, ఆఫీసు ఫైలు భాషలో ఒక జాగ్రత్త రాశారు: ఆ శిల్పాన్ని ఉంచిన గదిలోకి వెళ్ళినవారు దాని మీది నుంచి చూపు తిప్పకూడదు, రెప్ప వేయకూడదు, వేస్తే అది కదిలి మెడ విరుస్తుంది. తాలూకాఫీసు దస్త్రంలాంటి పొడి భాషలో దెయ్యం కథ చెప్పడం నా దృష్టిలో ఈ మొత్తం చరిత్రలో అన్నిటికంటే తెలివైన ఎత్తుగడ, ఎందుకంటే సర్కారీ కాగితం అబద్ధమాడదని నమ్మకపోయినా, అది కథలు చెప్పదని మాత్రం అందరం నమ్ముతాము. 2008లో దీనికి ప్రత్యేక వెబ్‌సైట్ ఏర్పడి, ఊహాత్మక సంస్థ ఒకటి ఇలాంటి వింత వస్తువులను బంధించి ఉంచుతుందన్న కల్పన మీద వేల దస్త్రాలు పోగయ్యాయి. ఫిన్లండ్‌కు చెందిన యోనాస్ రిక్కొనెన్ 2012లో "ఎస్సీపీ: కంటెయిన్‌మెంట్ బ్రీచ్" తయారు చేసినప్పుడు, కథలోని షరతును తెర అడుగున ఒక గీతగా మార్చాడు. ఆ గీత కొద్దికొద్దిగా తరుగుతూ ఉంటుంది. పూర్తిగా తరిగినప్పుడు ఆటగాడి కళ్ళు వాటంతట అవే మూతపడి తెర క్షణంసేపు నల్లబడుతుంది. శిల్పం ఎదురుగా ఉంటే ఆ క్షణం చాలు. ఆడుతున్నవాడు కుర్చీలో కూర్చొని తన నిజమైన కళ్ళను కూడా ఆర్పకుండా ఉండడం నేను చూశాను.

ఈ రాతలన్నీ, మూలాన్ని పేర్కొని అదే షరతు మీద ఎవరైనా వాడుకోవచ్చునన్న క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉన్నాయి కాబట్టి వీటి మీద గేముల వెంట గేములు వచ్చాయి. ఫొటోలోని శిల్పానికి మాత్రం ఒక కర్త ఉన్నాడు. అది జపాన్ కళాకారుడు ఇజుమి కాటో 2004లో చేసిన పని. తన శిల్పం తన ప్రమేయం లేకుండా మెడలు విరిచే దెయ్యంగా ప్రపంచమంతా తిరిగింది. చివరకు 2022లో ఆ ఫొటోను వెబ్‌సైట్ నుంచి తొలగించారు, రాత మిగిలింది.

బ్యాక్‌రూమ్స్ దగ్గరికి వచ్చేసరికి దెయ్యం కూడా అక్కరలేకపోయింది. 2019 మేలో ఫోర్‌చాన్‌లో కనిపించిన ఒక ఫొటోలో పసుపు పచ్చని గోడలు, తివాచీ, ట్యూబులైట్లు ఉన్న ఖాళీ గది తప్ప ఏమీ లేదు. దానికి ఎవరో ఇచ్చిన వివరణ ప్రకారం, వాస్తవంలో సరికాని చోట గోడ దాటి జారిపోతే చెమ్మగిల్లిన తివాచీ వాసన, ట్యూబులైట్ల రొద తప్ప మరేమీ లేని 60 కోట్ల చదరపు మైళ్ళ గదుల్లో పడిపోతారు. ఇలా జారిపోవడానికి వాడిన "నోక్లిప్" అన్న మాట పాత కంప్యూటర్ గేములలో గోడల గుండా నడిచిపోయేందుకు టైపు చేసే ఆదేశం. అంటే ఆటలోని లోపమే వదంతికి విత్తనమై, ఆ వదంతి మళ్ళీ ఆటగా మొలిచింది. 2022 జనవరిలో 16 ఏళ్ళ కేన్ పార్సన్స్ ఈ గదుల్లో తీసినట్లుగా కంప్యూటర్‌పై తయారు చేసిన వీడియో కోట్లమందిని చేరింది. అదే ఏడాది "ఎస్కేప్ ది బ్యాక్‌రూమ్స్" వచ్చింది. నలుగురు స్నేహితులు కలిసి దారి వెతుక్కొనే గేమది. ఆ ఫొటో ఎక్కడిదన్నది 2024 వరకూ తేలలేదు. తేలింది చూస్తే, అది అంతకుముందు ఫర్నిచర్ దుకాణంగా ఉన్న భవనాన్ని బొమ్మల దుకాణం కోసం మరమ్మతు చేస్తున్నప్పుడు 2002లో తీసినది. ఊరు ఆష్‌కాష్, రాష్ట్రం మళ్ళీ విస్కాన్సిన్. ఇటువంటి కాకతాళీయాల మీదనే రేపటి వదంతులు పుడతాయి కాబట్టి దీన్ని ఇక్కడితో వదిలేస్తున్నాను.

వదంతి ఆటగా మారినట్లే, ఆట గురించిన వదంతి కూడా ఉంటుంది. 1981లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో ఉన్న గేమ్ పార్లర్లలో "పాలీబియస్" అనే యంత్రం పెట్టారని, ఆడినవారికి మతి చలించేదని, నల్లకోట్ల మనుషులు వచ్చి లెక్కలు రాసుకొని పోయేవారని ఒక కథ చాలాకాలంగా తిరుగుతోంది. అటువంటి యంత్రం ఉన్నట్లు ఆధారం దొరకలేదు. లేని ఆట పేరుతో జెఫ్ మింటర్ 2017లో నిజంగానే ఒక ఆట చేశాడు.

మన దగ్గర ఇదే తంతు విషాదపు నీడలో నడిచింది. 2017 ఆగస్టులో, పిల్లలకు వరసగా పనులు అప్పజెప్పి చివరకు ఆత్మహత్యకు పురిగొల్పుతుందని చెప్పుకున్న "బ్లూ వేల్" అనే ఆట లింకులు తొలగించమని కేంద్ర ఐటీ శాఖ గూగుల్, ఫేస్‌బుక్ వంటి సంస్థలకు లేఖ రాసింది. 2018 జనవరిలో లోక్‌సభకు ఇచ్చిన జవాబులో, విచారించిన ఏ మరణంలోనూ ఆ ఆట ప్రమేయం నిర్ధారణ కాలేదని ప్రభుత్వమే చెప్పింది. మొదటి వార్త పత్రికల మొదటి పేజీల్లో వచ్చింది. రెండోదాన్ని చదివినవారు తక్కువ. ఆ ఏడాదే కనుగుడ్లు బయటికి పెట్టుకొన్న "మోమో" ముఖం వాట్సాప్‌లో తిరిగింది. అది జపాన్ కళాకారుడు కైసుకే ఐసో చేసిన శిల్పం, పురిట్లో చనిపోయిన స్త్రీ దెయ్యమవుతుందన్న అక్కడి నమ్మకం నుంచి వచ్చింది. పురిటి చావును గురించి మన పల్లెల్లో ఉన్న భయమూ అదే కాబట్టి ఆ ముఖం ఇక్కడ పరాయిదిగా అనిపించలేదు. మా మేనకోడలు చదివే బడివాళ్ళు ఈ బొమ్మను పిల్లలకు చూపించవద్దని తల్లిదండ్రులకు ఒక కాగితం పంపారు. కాగితం పైన, సగం పేజీ నిండా, ఆ బొమ్మే ఉంది. మా నాయన ఉండి ఉంటే పంచాంగం కింద పెట్టేవాడు.

2016 సెప్టెంబరులో జియో వచ్చిన తరువాత మా ఊళ్ళో ఇంటర్నెట్ సెంటరు అరుగు మీద వంతు కోసం కూర్చొనే అవసరం తీరింది. స్లెండర్, ఎస్సీపీ కంప్యూటర్ ఉన్నవాళ్ళ ఆటలు. మన పిల్లలకు ఈ వరస చేతికందింది ఫోన్‌లోనే. 2017 చివర్లో వచ్చిన "గ్రానీ"ని తయారు చేసిన, డీవీలోపర్ అన్న మారుపేరు గలవాడు అంతకు ముందు "స్లెండ్రినా" పేరుతో వరసగా గేములు చేశాడు. ఆ పేరులోనే స్లెండర్ మ్యాన్ ఉన్నాడు. ముసలమ్మ ఇంట్లో స్లెండ్రినా జాడలూ కనిపిస్తాయి. అంటే 2009లో ఫొటోల పోటీలో పుట్టిన ఆకారం మనుమరాలి వరసలోనో మరో వరసలోనో కర్నూలు పాతబస్తీ దాకా వచ్చింది. మా వాడికి ఆ పేర్లేవీ తెలియవు. వాడికి అది "అవ్వ గేము".

ఫోన్‌లో చార్జింగ్ అయిపోయాక వాడికి తలుపు మీది రాత కథ చెప్పాను. విని, "రోజూ రేపే అంటే ఆ దెయ్యానికి అర్థం కాదా?" అని అడిగాడు. జవాబు దొరక్క కొండారెడ్డి బురుజు సొరంగం సంగతి ఎత్తుకొన్నాను. బురుజు కింద నుంచి తుంగభద్ర అడుగుగా గద్వాల కోట దాకా సొరంగం ఉందని మా ఊళ్ళో పుట్టిన ప్రతివాడూ విన్నాడు, పోయి వచ్చినవాడు లేడు. దివిటీ పట్టుకొని పోవాలని, దివిటీ ఆరితే ఒక్క అడుగు కూడా ముందుకు వేయకూడదని మా నాయన చెప్పేవాడు.

"ఆరినాక వేస్తే ఏమైతాది మామా?"

మా నాయన అది చెప్పలేదు. నేనూ అడగలేదు.