క్షమించడమంటే తన్నులు తినడానికి తిరిగి వెళ్లడమా?

‘క్షమించానంటున్నావు కదమ్మా, మరి కాపురానికి ఎందుకు వెళ్లవు?’ కొట్టే భర్తను వదిలి వచ్చిన ఆడవాళ్లను అడిగే ఈ ప్రశ్న, నాలాగా సంఘ సేవలో ఉన్న పాస్టర్లందరికీ పరిచయమే. అత్తగారు అడుగుతారు, సంఘ పెద్దలు అడుగుతారు, ఒక్కోసారి చర్చిలో ప్రసంగ వేదిక మీది నుంచీ వినిపిస్తుంది. విన్న ప్రతిసారీ నాకు కోపం ఆగదు. అందుకే ముందు దీని సంగతే.

అపోహ: క్షమిస్తే ఏమీ జరగనట్టు మళ్లీ కలిసి బతకాలి.

వాస్తవం: క్షమించడం వేరు, సమాధానపడటం వేరు. పగ తీర్చుకోవడం మానుకుని న్యాయం దేవుడికి అప్పగించడం క్షమాపణ. దాన్ని నష్టపోయినవాళ్లు ఒక్కరే చేయగలరు. సమాధానానికి ఇద్దరూ కావాలి, తప్పు చేసినవాడిలో మారుమనస్సు కనబడాలి.

బైబిల్లో దావీదునే చూడండి. చంపడానికి వెంటాడుతున్న రాజు సౌలు ఏన్గెదీ గుహలో చేతికి చిక్కితే, బట్ట చెంగు కోసి ప్రాణంతో వదిలేశాడు. సౌలు ఏడ్చాడు కూడా. అయినా సౌలు ఇంటికి పోతే దావీదు కొండల్లోకే పోయాడు. ఇంకోసారి ‘నాయనా, తిరిగి రా, ఇక నీకు కీడు చేయను’ అని సౌలు బతిమాలినా వెళ్లలేదు. దావీదు క్షమించలేదని ఎవరైనా అనగలరా?

‘డెబ్బది ఏళ్ల మారులు’, అంటే డెబ్బై ఏడులసార్లు క్షమించమన్న మాట అందరికీ కంఠతా వచ్చు. మత్తయి 18లో దానికి ముందున్న మాటలు మాత్రం ఎవరూ చదవరు. తప్పు చేసినవాడికి తప్పు తెలియజెప్పు, వినకపోతే సాక్షులను తీసుకెళ్లు, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పు అన్నది కూడా యేసు ప్రభువే. మలాకీ 2:16దీ అదే గతి. భార్యను విడిచిపెట్టడం దేవుడికి అసహ్యం అనేంతవరకే చదివి ఆపేస్తారు. బలాత్కారం కూడా అసహ్యమని అదే వచనంలో ఉంది.

మొన్నామధ్య ఆరాధన అయ్యాక ఒక చెల్లెమ్మ, అందరూ వెళ్లేదాకా చెప్పుల దగ్గరే నిలబడింది. మోచేతి మీద కమిలిన చోటు కనబడకుండా పమిట కప్పుకుంది. ‘అయ్యగారూ, ఈ నెల నేను బల్ల తీసుకోవచ్చా?’ అంది. బల్ల అంటే ప్రభువు మరణాన్ని తలుచుకుంటూ సంఘమంతా రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే సంస్కారం. తాగొచ్చి కొట్టే భర్త దగ్గర్నుంచి పుట్టింటికి వచ్చేసింది. తిరిగి వెళ్లేదాకా క్షమించనట్టేననీ, అయోగ్యంగా బల్లలో చెయ్యేస్తే శిక్ష తప్పదనీ వాళ్ల ఊరి పెద్దలు భయపెట్టారట. ‘ఆయన కోసం ప్రార్థన చేస్తూనే ఉన్నానయ్యగారూ. కానీ రాత్రి తలుపు చప్పుడైతే ఒళ్లు వణుకుతుంది’ అంది. వణకడం పాపం కాదమ్మా, ధైర్యంగా బల్ల తీసుకో అని చెప్పాను. ‘అయోగ్యంగా’ అన్న హెచ్చరిక అపొస్తలుడైన పౌలు రాసింది, పేదవాళ్లను ఆకలితో ఉంచి తాము ముందే తినేసిన కొరింథు సంఘంవాళ్లకు. దెబ్బలు తిన్న ఆడపిల్ల మీద దాన్ని ప్రయోగించడం అన్యాయం.

అపోహ: క్షమిస్తే కేసు పెట్టకూడదు.

వాస్తవం: 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌నీ ఇద్దరు చిన్న కొడుకులనూ జీపులో తగలబెట్టారు. భార్య గ్లాడిస్ క్షమించానని బహిరంగంగా చెప్పారు. కేసు ఆగలేదు, ప్రధాన దోషి యావజ్జీవ శిక్షను 2011లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఆమె క్షమాపణకు దానివల్ల వచ్చిన లోటేమీ లేదు.

మా నాన్నకూ బాబాయికీ పొలం గట్టు దగ్గర పెద్ద తగాదా. చివరికి బాబాయే వచ్చి ‘తప్పయిందన్నయ్యా’ అన్నాడు. ‘క్షమించాన్రా’ అని మా నాన్న దగ్గరికి తీసుకున్నాడు, ఆ వారమే సర్వేయర్‌ని పిలిపించి హద్దురాళ్లు వేయించాడు. ఆక్రమించిన నేల బాబాయి వదిలేశాడు. యేసును కలిసి మారిన పన్ను వసూలుదారు జక్కయ్య కూడా అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్నాడు కదా.

ఇక మిగతా అపోహలు. తగ్గింపు, అంటే వినయం, ‘నేను పురుగును, నాకేం విలువ’ అనుకోవడం కాదు. దేవుడి స్వరూపంలో పుట్టిన మనిషిని, అది మీరే అయినా సరే, తక్కువ చేసే హక్కు మీకు లేదు. రెండో చెంప చూపమన్న ప్రభువే, బంట్రోతు చెంపమీద కొడితే ‘నన్నెందుకు కొడుతున్నావు’ అని అడిగాడు. కోపం రావడమే పాపమన్న మాట, ‘కోపపడండి గానీ పాపం చేయకండి’ అన్న ఎఫెసీ 4:26తో పోతుంది. క్షమిస్తే మరిచిపోవాలన్న నియమం బైబిల్లో ఎక్కడా లేదు.

భయంతో బతుకుతున్న అక్కచెల్లెళ్లు మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి. 2005 నాటి గృహహింస చట్టం కింద, విడాకులు అడగకుండానే రక్షణ ఉత్తర్వూ ఇంట్లో ఉండే హక్కూ కోరవచ్చు. తోటి పాస్టర్లూ, భర్తను పక్కనే కూర్చోబెట్టి ‘నిన్ను కొడుతున్నాడామ్మా’ అని అడగకండి, విడిగా అడగండి. అతను ఏడ్చి తప్పు ఒప్పుకుంటే సంతోషమే. తాగుడు మానే చికిత్సకు వెళ్తున్నాడా, పిల్లల ఖర్చులు పంపుతున్నాడా కొన్ని నెలలు చూడండి. ఆమె తనంతట తాను సరేనన్నాకే కాపురం మాట ఎత్తండి.