రిపోర్టులన్నీ నార్మల్, మరి నొప్పెక్కడిది?

ఎండోమెట్రియోసిస్‌లో (గర్భసంచి లోపలి పొరలాంటి కణజాలం సంచి బయట పెరిగే జబ్బు) ఇన్‌ఫ్లమేషన్ (లోపలి వాపు) మీద పనిచేస్తానని తెలిస్తే చాలు, చుట్టాలు ఫైలు తెచ్చి చేతిలో పెడతారు. నేను వైద్యం చేసే డాక్టర్‌ని కాదు, ల్యాబ్ మనిషిని అన్నా వినరు. స్కానింగ్ నార్మల్. వాపును పట్టే రక్తపరీక్షలు సీఆర్పీ నార్మల్, ఈఎస్ఆర్ నార్మల్. "మరి దీనికి నొప్పెక్కడిది?" అని తల్లి అడుగుతుంటే పిల్ల తల దించుకుని కూర్చుంటుంది.

అపోహ: రిపోర్టులు బాగుంటే ఏమీ లేనట్టే.

ఆడపిల్లల్ని ఎక్కువ ఏళ్లు ఏడిపించేది ఈ మాటే. జబ్బు పేరు బయటపడేసరికి 4 నుంచి 12 ఏళ్లు పడుతోందని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. చాక్లెట్ సిస్ట్ (అండాశయంలో పాత రక్తం నిండిన తిత్తి) అయితే అల్ట్రాసౌండ్‌కి దొరుకుతుంది. పెరిటోనియం (పొట్ట లోపలి పలచటి పొర) మీద పలచగా అంటుకున్న ఆవగింజంత మచ్చలు తరచుగా దొరకవు. వాటిలో నల్లవీ ఎర్రవీ ఉంటాయి, రంగే లేనివీ ఉంటాయి. లాపరోస్కోపీలో (పొట్టకు చిన్న రంధ్రం పెట్టి కెమెరాతో చూసే ఆపరేషన్) తీసిన పొత్తికడుపు ద్రవం ఐస్‌లో పెట్టి మాకు పంపుతారు. పరీక్షిస్తే మాక్రోఫేజ్‌లనే రక్షణ కణాలు, వాపునీ నొప్పినీ పెంచే ఐఎల్-6, ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు కనిపిస్తాయి. అదే మనిషి చేతి నుంచి తీసిన రక్తంలో సీఆర్పీ మామూలుగానే ఉండొచ్చు. ఆ మచ్చల్లోకి సన్నటి నరాలు కూడా మొలుస్తాయి. ఇంకా నటిస్తోందంటారేమిటి?

మా పిన్ని ఒకసారి "మేం ఓర్చుకోలేదా?" అంది. గుచ్చి గుచ్చి అడిగితే, ఆవిడా నెలనెలా మంచం దిగేది కాదట! తల్లికో అక్కకో ఉంటే పిల్లకు వచ్చే అవకాశం ఎక్కువ. పిన్ని ఓర్పు కథ నాకు మాత్రం ఫ్యామిలీ హిస్టరీలాగే వినిపించింది. పైగా లాపరోస్కోపీతో రుజువయ్యేదాకా ఆగక్కర్లేదు, లక్షణాల్ని బట్టి మందులు మొదలుపెట్టొచ్చని ఈష్రే (యూరప్‌లోని సంతాన వైద్య నిపుణుల సంఘం) 2022 మార్గదర్శకాలు చెబుతున్నాయి.

మిగతావి గబగబా. పెళ్లయితే తగ్గుతుందా? గర్భంతో ఉన్నన్నాళ్లు కొందరికి ఉపశమనం, అంతే. ఇన్‌ఫ్లమేషన్ అంటే ఇన్‌ఫెక్షన్ కాదు, ఊరికే యాంటీబయాటిక్స్ మింగకండి. పసుపు పాలు ఇష్టమైతే తాగండి, జబ్బు నయమవుతుందని మాత్రం కాదు.

గర్భసంచి తీయించేస్తే పీడ పోతుందనే మాట దగ్గర మాత్రం ఆగాలి. ఈ ఆపరేషన్లలో మన రెండు రాష్ట్రాలూ దేశంలో ముందున్నాయి. మచ్చలుండేది గర్భసంచి బయట. వాటిని వదిలేసి సంచి ఒక్కటే తీస్తే నొప్పి మిగిలిపోవచ్చు. సంతకం పెట్టేముందు ఇంకో గైనకాలజిస్ట్‌ని కలవండి. నొప్పి ఏ తేదీల్లో వస్తోందో, విరేచనానికి వెళ్లినప్పుడూ వస్తోందేమో ఒక కాగితం మీద రాసుకెళ్లండి, అక్కడికెళ్లాక టెన్షన్‌లో సగం మర్చిపోతారు.