ఐపీ67 ఉంటే ప్రెషర్ గన్ పెట్టేయొచ్చా? ఎలక్ట్రిక్ కారు వాటర్ వాష్: అపోహలు - వాస్తవాలు

ఎలక్ట్రిక్ కారు కొత్తగా కొన్నవాళ్ళు సర్వీస్ కౌంటర్ దగ్గర అడిగే ప్రశ్నల్లో ఒకటి మాత్రం తప్పదు: "సార్, దీన్ని వాటర్ వాష్‌కి ఇవ్వొచ్చా?" అడిగేవాళ్ళు రెండు రకాలు. కొందరు నీళ్ళంటేనే భయపడి, నెలల తరబడి బండిని తడిగుడ్డతో తుడుచుకుంటూ నెట్టుకొస్తారు. ఇంకొందరు బ్యాటరీకి ఐపీ67 అనే దుమ్ము, నీటి రక్షణ రేటింగ్ ఉందని చూసి "ఐపీ67 కదా, ఏం కాదులే" అనుకుని రోడ్డు పక్క సెంటర్లో లిఫ్ట్ ఎక్కించి, అడుగు నుంచి గన్ కొట్టించేస్తారు. భయపడేవాళ్ళకు మహా అయితే పెయింటు మీద గీతలు పడతాయి. ధైర్యం చేసినవాళ్ళకు పడే బిల్లు వేరు. అందుకని ఇక్కడ ఎక్కువ భాగం ఆ రెండో అపోహ గురించే.

ముందు భయం సంగతి.

అపోహ: నీళ్ళు తగిలితే బ్యాటరీ షార్ట్ అవుతుంది, బండి ముట్టుకుంటే షాక్ కొడుతుంది.

కాదు. 300, 400 వోల్టులు, కొన్ని కొత్త కార్లలో అంతకు రెట్టింపు అని వింటే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది, అందులో తప్పేం లేదు. కానీ ఇంట్లో కరెంటుకీ కారులో కరెంటుకీ ఒక పెద్ద తేడా ఉంది. ఇంటి కరెంటులో న్యూట్రల్ భూమికి కలిపి ఉంటుంది కాబట్టి ఫేజ్ ఒక్కటి ముట్టుకున్నా షాక్ కొడుతుంది. కారులో హై వోల్టేజ్ ప్లస్ గానీ మైనస్ గానీ బాడీకి కలిపి ఉండవు. ఒకచోట లీకేజీ వచ్చినంత మాత్రాన సర్క్యూట్ పూర్తికాదు. పైగా ఆ లీకేజీ ఉందో లేదో కారు తనంతట తానే కనిపెట్టి చూస్తుంటుంది. మన దేశంలో కార్లకు వర్తించే ఏఐఎస్-038 ప్రమాణం ప్రకారం డీసీ వైపు ఇన్సులేషన్ వోల్టుకు కనీసం 100 ఓమ్‌లు ఉండాలి, అంటే 400 వోల్టుల బ్యాటరీ ప్యాక్‌కి 40 కిలో ఓమ్‌లు. ఇన్సులేషన్ పడిపోతే డిస్‌ప్లేలో హెచ్చరిక వస్తుంది. చాలా కార్లు ఆ తర్వాత రెడీ మోడ్‌లోకి, అంటే నడవడానికి సిద్ధమైన స్థితిలోకి కూడా రావు. బండి ఆఫ్ చేయగానే ప్యాక్ లోపలి కాంటాక్టర్లు, అంటే పెద్ద స్విచ్‌లు, తెరుచుకుని, బయట హై వోల్టేజ్ మోసే ఆరెంజ్ కేబుళ్ళకు బ్యాటరీతో సంబంధం తెగిపోతుంది. ఫోన్ యాప్‌లో ఏసీ ఆన్ చేస్తే అవి మళ్ళీ కలుస్తాయి, కాబట్టి వాష్ జరిగేటప్పుడు యాప్ జోలికి వెళ్ళకండి.

వానలో నడిచే బండిని షాంపూ నీళ్ళు ఏమీ చేయవు. నిశ్చింతగా కడగండి.

ఒక్క మినహాయింపు: చార్జింగ్ పెట్టి కడగొద్దు. ఇక్కడ ప్రమాదం కారుది కాదు, గోడది. 15 యాంప్ సాకెట్, దానికి వేలాడే చార్జర్ డబ్బా, మధ్యలో ఎవరో వేసిన ఎక్స్‌టెన్షన్ బాక్స్, అన్నీ 230 వోల్టుల ఇంటి కరెంటే. పార్కింగ్‌లో పైపు పెట్టి కడుగుతుంటే తడిసేది మొదట అవే. ప్లగ్ తీసి, కేబుల్ చుట్టి డిక్కీలో పెట్టాకే బకెట్ తీయండి.

అపోహ: ఐపీ67 అంటే ఎంత ప్రెషర్‌తోనైనా కొట్టొచ్చు.

ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే, కాబట్టి కొంచెం ఓపికగా చదవండి.

ఐపీ67లో 6 దుమ్ము గురించి, 7 నీటి గురించి. ఆ 7కి పరీక్ష ఏమిటంటే, వస్తువును 1 మీటరు లోతు నీళ్ళలో 30 నిమిషాలు కదలకుండా ఉంచుతారు. మీటరు లోతులో నీటి ఒత్తిడి 0.1 బార్. ఇంట్లో వాడే చిన్న ప్రెషర్ వాషర్ డబ్బా మీద 100 నుంచి 130 బార్ అని రాసి ఉంటుంది. అది పంపు దగ్గరి ఒత్తిడి, దూరం పెరిగేకొద్దీ ధార విచ్చుకుని దెబ్బ తగ్గిపోతుంది, నిజమే. కానీ నాజిల్‌ను కనెక్టర్‌కి బెత్తెడు దూరంలో పెడితే ఆ తగ్గుదల ఎక్కడిది?

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి. నీటి విషయంలో 6 వరకు పెద్ద అంకెలో చిన్న అంకెలు కలిసి ఉంటాయి. 7, 8 అలా కాదు. నీళ్ళలో మునిగినా తట్టుకుంటుంది అని పరీక్షించిన వస్తువు, ధారను కూడా తట్టుకుంటుందని ప్రమాణంలో ఎక్కడా లేదు. ధారకు వేరే పరీక్షలున్నాయి: 5కి నిమిషానికి 12.5 లీటర్ల ధార, 6కి 100 లీటర్ల ధార, రెండూ రెండున్నర, మూడు మీటర్ల దూరం నుంచి. ప్రెషర్ వాషర్ లాంటి దెబ్బకు ఉన్నది 9కే అనే పరీక్ష: 80 డిగ్రీల వేడినీళ్ళు, 80 నుంచి 100 బార్, 10 నుంచి 15 సెంటీమీటర్ల దూరం. మీ బ్యాటరీ లేబుల్ మీద ఒక్క ఐపీ67 మాత్రమే ఉంటే ఈ పరీక్ష పాసైనట్టు ఎవరూ మీకు మాట ఇవ్వలేదు. ఇంకో సంగతి, టాటా నెక్సాన్ ఈవీ లాంటి కార్లకు కంపెనీ ఐపీ67 అని చెప్పేది బ్యాటరీ ప్యాక్, మోటార్ గురించి. కారు మొత్తానికి కాదు. బానెట్ కింద ఫ్యూజ్ బాక్సుకూ, 12 వోల్టుల వైరింగ్ సాకెట్లకూ ఆ లెక్క వర్తించదు.

గన్ దగ్గరగా కొడితే లోపల ఏమవుతుంది? ఆరెంజ్ కనెక్టర్ లోపల ఒక సిలికాన్ రింగు ఉంటుంది, దాని అంచున సన్నటి గాడులు. నీళ్ళు నిలిచి ఉంటే ఆ ఒత్తిడికి రింగు ఇంకా బిగుసుకుంటుంది. పక్క నుంచి ఏటవాలుగా ధార కొడితే అంచు లేచి, చుక్క నీరు లోపలికి పోతుంది. రింగు మళ్ళీ మూసుకుంటుంది. ఇప్పుడా చుక్క బయటికి రాదు, ఎండదు. రోజులు గడిచేకొద్దీ టెర్మినల్ మీద పచ్చటి చిలుము పడుతుంది, ఇన్సులేషన్ విలువ మెల్లగా దిగుతుంది. తర్వాత ఏదో ఒక ఉదయం బండి రెడీలోకి రాదు. యజమానికి వాష్ గుర్తుండదు, "రాత్రి వరకు బాగానే నడిచింది సార్" అంటారు. వాళ్ళు చెప్పేది నిజమే. కనెక్టర్ విప్పితే పచ్చ రంగు కనిపిస్తుంది, "బయటి నీరు చేరింది" అని రిపోర్టులో రాస్తారు, వారంటీ దగ్గర వాదన మొదలవుతుంది. ఒక కనెక్టర్ పాడైతే చాలాసార్లు కేబుల్ సెట్ మొత్తం మార్చాల్సి వస్తుంది.

ప్యాక్‌కి ఇంకో సున్నితమైన చోటుంది: బ్రీదర్. లోపలి గాలి వేడికి వ్యాకోచించి, చల్లబడితే సంకోచిస్తుంది కాబట్టి గాలి పోయి వచ్చేందుకు ప్యాక్ గోడకు చిన్న పొర ఉన్న రంధ్రం పెడతారు. ఆ పొర గాలిని వదులుతుంది, నీటిని ఆపుతుంది. దాని మీద నేరుగా గన్ పెడితే చిరిగే అవకాశం ఉంది. హైవే మీద నుంచో, డీసీ ఫాస్ట్ చార్జింగ్ నుంచో రాగానే వేడి ప్యాక్ మీద చల్లటి బోరు నీళ్ళు కొట్టిస్తే లోపలి గాలి ఒక్కసారిగా ముడుచుకుని బయటిదాన్ని లోపలికి లాగుతుంది. సీల్ ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడి నుంచి తేమ దూరుతుంది. అరగంట నీడలో ఉంచి కడిగిస్తే ఈ గొడవే లేదు.

మరి అడుగు భాగం కడగొద్దా? కడగాలి. వానాకాలంలో బురద గడ్డకట్టి అండర్ కవర్ మధ్య తడిని పట్టి ఉంచితే బోల్టులు, బ్రాకెట్లు తుప్పు పడతాయి. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో ఉప్పుగాలి వల్ల ఇది మరీ ముఖ్యం. పద్ధతి ఇది: ఎర్ర నాజిల్, అంటే సున్నా డిగ్రీల సూటి ధార, వద్దే వద్దు. పసుపు 15 డిగ్రీలు, అదీ వద్దు. ఆకుపచ్చ 25 లేదా తెల్ల 40 డిగ్రీల నాజిల్ వాడమనండి. చక్రాల గూళ్ళు, సిల్ (తలుపుల కింది అంచు) దగ్గర కనీసం ఒక అడుగు దూరం. ఆరెంజ్ కేబుళ్ళు, ప్యాక్ అంచులు, మోటార్ కనెక్టర్ల దగ్గర గన్ పక్కన పెట్టి మామూలు పైపు నీళ్ళు. గడ్డకట్టిన బురదను ముందు పది నిమిషాలు నాననిచ్చి బ్రష్‌తో తీస్తే ప్రెషర్ అవసరమే రాదు. తొందరలో ఉన్న కుర్రాళ్ళు ఇలా చేయరు, పక్కన నిలబడి చేయించుకోవాలి.

లిఫ్ట్ దగ్గర ఇంకా జాగ్రత్త. పెట్రోల్ కారు కడిగీ కడిగీ అలవాటైన చేతులు లిఫ్ట్ ప్యాడ్‌ను దొరికిన చోట ఆనించేస్తాయి. ఎలక్ట్రిక్ కారులో ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య నేల అంతా బ్యాటరీయే. ప్యాడ్ దాని ట్రే మీద పడితే టన్నున్నర బండి బరువులో వాటా అక్కడ మోపుతుంది. చాలా ప్యాక్‌లలో సెల్స్‌ను చల్లబరిచే కూలింగ్ ప్లేటు సరిగ్గా అడుగునే ఉంటుంది, చిన్న సొట్ట పడినా కూలెంట్ లోపలికి కారొచ్చు. ఆ తర్వాత మాట్లాడేది వేలల్లో కాదు, లక్షల్లో. జాకింగ్ పాయింట్లు సిల్ అంచున ముందు రెండు, వెనక రెండు, యజమాని మాన్యువల్లో బొమ్మతో సహా ఉంటాయి. ఆ పేజీని ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి, లిఫ్ట్ ఎక్కించే ముందు చూపించండి. కారును మధ్యలో నుంచి ఎత్తే సింగిల్ పోస్ట్ లిఫ్ట్ అయితే ఎక్కించనే వద్దు. చక్రాలు నిలబడే ర్యాంప్ ఉన్న చోటికి వెళ్ళండి.

అపోహ: బానెట్ కింద కూడా "ఇంజిన్ వాష్" చేయించాలి, అడుగున డీజిల్ స్ప్రే కొట్టిస్తే తుప్పు పట్టదు.

రెండూ వద్దు. బానెట్ కింద ఆయిల్ కారే ఇంజిన్ లేదు, ఉన్నది దుమ్ము. ఆఫ్ చేసిన బండిలో బ్లోయర్‌తో దుమ్ము ఊది, పిండిన మైక్రోఫైబర్ గుడ్డతో ప్లాస్టిక్ భాగాలు తుడిస్తే సరి. ఆరెంజ్ కేబుళ్ళను లాగొద్దు, కనెక్టర్లను విప్పొద్దు. డీజిల్, కిరోసిన్ రబ్బరును ఉబ్బిస్తాయి. బుష్‌లు, సీళ్ళు, పైపులు మెత్తబడతాయి, దుమ్ము ఇంకా అంటుకుంటుంది. స్టీమ్ వాష్ బాడీ మీద, అలాయ్ వీల్స్ మీద బాగుంటుంది, బానెట్ కిందా చార్జింగ్ పోర్టులోనూ వద్దు.

అపోహ: చార్జింగ్ పోర్టులో నీళ్ళు పడితే బండి అయిపోయినట్టే.

పోర్టులోని పిన్నులలో మామూలుగా కరెంటు ఉండదు. చార్జింగ్ గన్ పెట్టాక, చార్జర్‌కీ కారుకీ మధ్య సిగ్నల్ కుదిరాకే వస్తుంది. అడుగున నీళ్ళు పోయే రంధ్రం కూడా ఉంటుంది. చిక్కల్లా తడి ఉంటే సిగ్నల్ పిన్ను సరిగా పలకక చార్జింగ్ ఎర్రర్ రావడమే. ఫ్లాప్ గట్టిగా మూసి కడిగించండి, ఆ వైపు నేరుగా గన్ కొట్టనివ్వకండి. తడిస్తే ఫ్లాప్ తెరిచి గంటసేపు గాలికి ఉంచండి, లేదా బ్లోయర్‌ను దూరం నుంచి చల్లగాలితో వాడండి. స్క్రూడ్రైవర్‌కి గుడ్డ చుట్టి పిన్నుల మధ్య పొడవడం మాత్రం చేయకండి. ఆ సన్నటి సిగ్నల్ పిన్ను ఒకటి వంగితే పోర్టు మొత్తం మార్చాలి.

ఆటోమేటిక్ వాష్ గురించి చాలా పుకార్లున్నాయి, సంగతి మాత్రం చిన్నది. మన దగ్గర ఎక్కువగా ఉన్నవి కారు నిలబడి ఉంటే మెషీన్ చుట్టూ తిరిగే రకం. దాంట్లో గేర్ పీలో (పార్క్), బండి ఆఫ్‌లో ఉంచండి. కారును బెల్ట్ లాక్కెళ్ళే టన్నెల్ అయితే ఎన్‌లో (న్యూట్రల్), ఆగిన బండికి తానే బ్రేకు పట్టి ఉంచే ఆటో హోల్డ్ ఆఫ్ చేసి, బండి ఆన్‌లోనే ఉండాలి. డ్రైవర్ దిగినా, తలుపు తెరిచినా చాలా ఈవీలు తమంతట తామే పీలోకి వెళ్ళి పార్కింగ్ బ్రేక్ వేసేస్తాయి. అప్పుడు బెల్ట్ లాగుతుంటే చక్రాలు తిరగవు. అమెరికాలో టెస్లా నడిపే మనవాళ్ళకు కంట్రోల్స్, సర్వీస్ మెనూలో కార్ వాష్ మోడ్ ఉంది: కిటికీలు మూసి, చార్జ్ పోర్టు లాక్ చేసి, వైపర్లు, కాపలా కాసే సెంట్రీ మోడ్ ఆపేస్తుంది. టన్నెల్‌కి వెళ్తే దాంట్లోనే ఫ్రీ రోల్ ఎంచుకోవాలి. బ్రష్‌లు లేని టచ్‌లెస్ రకమే మేలు. ఏ కారైనా రెయిన్ సెన్సింగ్ వైపర్లు ఆఫ్ చేయండి, కీ ఫాబ్‌ను హ్యాండిల్‌కి దూరంగా ఉంచండి.

లోపల నేల మీద బకెట్ నీళ్ళు పోసి కడిగించే అలవాటు ఉంటే మానేయండి. కార్పెట్ కింద, సీట్ల కింద వైర్లు, కొన్ని కార్లలో కంట్రోల్ యూనిట్లు కూడా ఉంటాయి. వాక్యూమ్ చాలు. అదీ తలుపులు బార్లా తీసి, లైట్లు వెలుగుతూ గంటల తరబడి అయితే చిన్న 12 వోల్టుల బ్యాటరీ దిగిపోతుంది, అది దిగితే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా బండి మేలుకోదు.

వాష్ అయ్యాక బ్రేకులు. ఎలక్ట్రిక్ కారు రీజెన్‌తోనే, అంటే మోటారే వేగాన్ని తగ్గించి ఆ శక్తిని బ్యాటరీకి పంపే పద్ధతితోనే, ఎక్కువగా ఆగుతుంది కాబట్టి తడిసిన డిస్కులు అలాగే ఉండిపోయి తుప్పు పొర పడుతుంది. సెంటర్ నుంచి బయటికి రాగానే రీజెన్ లెవెల్ సున్నాకో, ఒకటికో తగ్గించి, వెనక బండ్లు లేని చోట 30, 40 కిలోమీటర్ల వేగంలో నాలుగైదుసార్లు బ్రేకు గట్టిగా తొక్కండి. గరగర శబ్దం మొదట్లో వచ్చి పోతుంది. పోకపోతే చూపించండి.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా వాష్ తర్వాత హై వోల్టేజ్ లేదా ఇన్సులేషన్ హెచ్చరిక వస్తే, ఆఫ్ చేసి ఆన్ చేసి చూస్తూ కూర్చోకండి, ఎండలో పెడితే పోతుందని రెండు రోజులు ఆగకండి, చార్జింగ్ అసలు పెట్టకండి. డిస్‌ప్లే ఫోటో తీయండి, ఎప్పుడు, ఎక్కడ, ఏ భాగం కడిగించారో రాసి పెట్టండి, ఫ్లాట్‌బెడ్ మీద సర్వీస్‌కి పంపించండి. వాష్ సంగతి దాచకుండా చెప్పండి. ఎక్కడ తడిసిందో తెలిస్తే ముందు ఆ కనెక్టరే విప్పి చూస్తారు, చిలుము పట్టకముందే దొరికితే ఆరబెట్టి సీల్ మార్చడంతో పోయే కేసులు చాలానే ఉంటాయి.