వీసా అడగని దీవుల గురించి పిల్లలకు ఓ ఉత్తరం

చింటూ, బుజ్జమ్మా,

మొన్న ఫోన్లో చింటూ ఏదో రీల్ చూసి అడిగాడు కదా, వీసా లేకుండా ఎవరైనా వెళ్లి ఉండిపోగలిగే చోటు ఒకటుందట, నిజమేనా తాతయ్యా అని. నిజమే, కాకపోతే ఆ రీల్‌లో చెప్పింది సగమే. మిగతా సగం ఫోన్లో మొదలుపెడితే మీ అమ్మ మధ్యలో అన్నానికి పిలుస్తుంది, అందుకే రాస్తున్నా.

ఆ చోటు పేరు స్వాల్‌బార్డ్. అట్లాసు తీసి నార్వే ఉత్తరపు కొస మీద వేలు పెట్టి, సముద్రం మీదుగా ఇంకా పైకి, ఉత్తర ధ్రువం వైపు జరపండి. 74 నుంచి 81 డిగ్రీల ఉత్తర అక్షాంశాల మధ్య కొన్ని దీవులు గుంపుగా కనిపిస్తాయి. అన్నీ కలిపి దాదాపు 61,000 చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణలో సగం కంటే కాస్త ఎక్కువే. జనం మాత్రం మూడు వేలకు అటూ ఇటూగా ఉంటారు, మన దగ్గర ఒక ఓ మోస్తరు పల్లెలో ఉండేంత మంది! నేలలో సగానికి పైగా హిమానీనదాల కిందే ఉంది. అంత పైన అసలు మనుషులు ఎలా ఉండగలుగుతున్నారంటే, అట్లాంటిక్ నుంచి వచ్చే వెచ్చని నీటి ప్రవాహం పడమటి తీరాన్ని తాకుతూ పోతుంది, అందుకే ఊళ్లన్నీ ఆ వైపే ఉన్నాయి.

పెద్ద ఊరు లాంగ్‌ఇయర్‌బైన్. అక్కడ అక్టోబరు చివర్లో అస్తమించిన సూర్యుడు ఫిబ్రవరి మధ్య దాకా మళ్లీ ఉదయించడు. ఉదయించినా చుట్టూ కొండలు కాబట్టి ఊళ్లోకి ఎండ రావడానికి మార్చి 8 అవుతుంది. ఆ రోజు ఊరంతా ఒక పాత ఆసుపత్రి మెట్ల దగ్గర చేరుతుంది. ఆసుపత్రి ఎప్పుడో పోయింది, మెట్లు మాత్రం ఉంచారు, ఎండ ఆ మెట్ల మీద పడితేనే సూర్యుడు వచ్చినట్టు లెక్క. మబ్బు పట్టిందా, అంతే సంగతులు, అయినా పండగ మానరు.

ఇక అసలు సంగతి, ఈ దీవులు ఎవరివి? ఇక్కడ ఆదివాసులంటూ ఎవరూ లేరు. 1596లో విలెమ్ బారెంట్స్ అనే డచ్ నావికుడు చూసి వెళ్లాడు, ఆ తర్వాత తిమింగలాల కోసం రకరకాల దేశాల ఓడలొచ్చాయి, దొరికినన్నాళ్లు వేటాడి పోయాయి. నేల మాత్రం ఎవరిదీ కాదు. 1900ల మొదట్లో బొగ్గు బయటపడేసరికి కథ మారింది. లాంగ్‌ఇయర్ అనే అమెరికన్ 1906లో గని కంపెనీ పెట్టాడు, ఊరి పేరు ఆయనదే. నార్వే, స్వీడన్, రష్యా, బ్రిటన్ వాళ్లూ వచ్చి ఇది మా హద్దు అంటే ఇది మా హద్దు అని పలకలు పాతుకున్నారు. గొడవొస్తే తీర్చడానికి పోలీసు లేడు, కోర్టు లేదు, ఎందుకంటే ప్రభుత్వమే లేదు.

మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక పారిస్‌లో దేశాలన్నీ లెక్కలు తేల్చుకుంటున్నప్పుడు దీన్నీ తేల్చారు. 1920 ఫిబ్రవరి 9న ఒప్పందం, 1925 నుంచి అమలు. నార్వేకే ఇచ్చారు, కానీ షరతులు పెట్టారు. సంతకం పెట్టిన దేశాలవాళ్లు ఎవరైనా అక్కడ వేటాడొచ్చు, చేపలు పట్టొచ్చు, గనులు తవ్వొచ్చు, వ్యాపారం చేసుకోవచ్చు, నార్వే పౌరుడికి ఒక రూలు, పరాయివాడికి ఒక రూలు ఉండకూడదు. యుద్ధ అవసరాలకు ఆ నేలను వాడకూడదు. అక్కడ వసూలు చేసిన పన్ను అక్కడే ఖర్చుపెట్టాలి. ఆ ఒప్పందంలో మనమూ ఉన్నాం తెలుసా! అప్పటికి మనకి స్వాతంత్య్రం లేదు కాబట్టి బ్రిటిష్ వాళ్లే భారతదేశం తరఫున సంతకం పెట్టేశారు. మనల్ని అడగలేదు, కానీ ఆ హక్కు మాత్రం ఇప్పటికీ మనదే.

సరే, ఇప్పుడా రీల్ చెప్పని సగం. స్వాల్‌బార్డ్ వీసా అడగదు, కానీ అక్కడికి మామూలుగా వెళ్లే విమానాలన్నీ నార్వే మీదుగానే, నార్వేలో దిగాలంటే మనకి షెంగెన్ వీసా (చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే ఒకే వీసా) కావాలి, తిరుగు ప్రయాణానికి కూడా పనికొచ్చేలా రెండుసార్లు ప్రవేశించే వీసా. వెళ్లాక ఉండటానికి ఇల్లు, తినడానికి సంపాదన నీ దగ్గరే ఉండాలి. లేకపోతే గవర్నరు పంపించేస్తారు, నార్వే వాడైనా సరే. వృద్ధాశ్రమం లేదు. గర్భిణులు నెలలు నిండే ముందే నార్వేకి వెళ్లి కనాలి, చిన్న ఆసుపత్రిలో కాన్పులు చేయరు. అక్కడ చనిపోవడం నేరం అని ఇంటర్నెట్లో తిరిగేది మాత్రం ఒట్టి కబురు. నేల ఎప్పుడూ గడ్డకట్టి ఉంటుంది కాబట్టి శవపేటికలు పూడ్చడం ఎప్పుడో ఆపేశారు, అంతే. ఎన్నేళ్లున్నా అక్కడి పౌరసత్వం అంటూ ఉండదు, నార్వే పౌరసత్వానికీ ఆ ఏళ్లు లెక్కలోకి రావు.

అంటే తలుపు తెరిచే ఉంటుంది, కానీ లోపల ఎవరూ నిన్ను చూసుకోరు. నాకైతే ఇది న్యాయంగానే అనిపించేది, ఒక్క విషయంలో తప్ప. 2002 నుంచి లాంగ్‌ఇయర్‌బైన్‌కి ఎన్నికైన స్థానిక మండలి ఉంది, ఊరి నీళ్లూ కరెంటూ బడీ అన్నీ అదే చూస్తుంది. 2022లో రూలు మార్చారు: విదేశీయులకు ఓటు ఉండాలంటే ముందు నార్వే ప్రధాన భూభాగంలో మూడేళ్లు ఉండి ఉండాలట. హోటళ్లలో, శుభ్రపరిచే పనుల్లో థాయ్‌లాండ్, ఫిలిప్పీన్స్ వాళ్లు చాలామంది ఏళ్ల తరబడి ఉన్నారు, ఊరు వాళ్ల చేతుల మీద నడుస్తోంది, ఓటు మాత్రం లేదు. ఇదేం లెక్కో మీరే ఆలోచించండి.

నార్వే అక్కడ తన పట్టు ఎలా కాపాడుకుంటుందో అర్థం కావాలంటే డబ్బు సంగతి చూడాలి. బొగ్గు మీద నార్వే కంపెనీ చాలా ఏళ్లు నష్టపోయింది, ప్రభుత్వం డబ్బు పోసి నడిపించింది. లాభం లేని గని ఎందుకూ అంటే, జెండా నిలబడాలంటే దాని కింద మనుషులు ఉండాలి, మనుషులు ఉండాలంటే వాళ్లకి పని ఉండాలి. రష్యా వాళ్లదీ అదే లెక్క. బారెంట్స్‌బర్గ్‌లో ఇప్పటికీ వాళ్ల గని, లెనిన్ విగ్రహం ఉన్నాయి. వాళ్లదే ఇంకో ఊరు పిరమిడెన్ 1998లో మూతపడి ఖాళీ అయిపోయింది. నీ-ఆలెసుండ్ అనే మరో ఊళ్లో 1962లో గని పేలి 21 మంది చనిపోతే ఆ గొడవలో మరుసటి ఏడాది నార్వే ప్రభుత్వమే పడిపోయింది. లాంగ్‌ఇయర్‌బైన్‌లో బొగ్గు కరెంటు ప్లాంటు 2023లో ఆపేశారు, నార్వే చివరి గని 2025లో మూసేశారు. ఇప్పుడు పర్యాటకులు, పరిశోధన, ఉపగ్రహాల డేటా అందుకునే పెద్ద స్టేషన్, వీటి మీదే బతుకు. ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహం ప్రతి చుట్టులోనూ అక్కడి నుంచి కనిపిస్తుంది, అది ఆ జాగా అదృష్టం. అయినా పన్నుల డబ్బు చాలదు, పరిపాలన ఖర్చులో చాలావరకు నార్వే రాజధాని ఓస్లో నుంచే రావాలి. 2024లో అక్కడ ఒక ప్రైవేటు స్థలం 30 కోట్ల యూరోలకు అమ్మకానికి పెడితే నార్వే ప్రభుత్వం తన అనుమతి లేకుండా అమ్మడానికి వీల్లేదని అడ్డుపడింది. ఎవరు కొంటారో అని టెన్షన్!

ఇందాకటి నీ-ఆలెసుండ్ ఇప్పుడు పరిశోధకుల ఊరు. 2008 నుంచి మన దేశపు పరిశోధన కేంద్రం హిమాద్రి అక్కడే ఉంది. మన రుతుపవనాలకీ అక్కడి మంచుకీ ఉన్న సంబంధం మన శాస్త్రవేత్తలు వెతికే విషయాల్లో ఒకటి. సున్నితమైన రేడియో పరికరాలు ఉంటాయి కాబట్టి ఆ ఊళ్లో వైఫై, బ్లూటూత్ ఆపేసుకోవాలి. చింటూ ఒక్క రోజు కూడా ఉండలేడు.

ఇంకా దగ్గరి చుట్టరికం ఒకటుంది. లాంగ్‌ఇయర్‌బైన్ పక్కన కొండలోకి సొరంగం తవ్వి ప్రపంచ దేశాల విత్తనాలు దాచారు, 2008లో మొదలైంది, మైనస్ 18 డిగ్రీల్లో ఉంచుతారు. మన పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ నుంచి జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ రకాలు లక్షకు పైగా అక్కడికి చేరాయి. బ్యాంకు లాకరు లాంటిదన్నమాట, పెట్టెలు ఎవరు పెట్టారో వాళ్లవే, నార్వే కూడా తెరవడానికి లేదు. సిరియా యుద్ధంలో అలెప్పో దగ్గరున్న విత్తన కేంద్రం నడపలేని పరిస్థితి వచ్చినప్పుడు 2015లో దాని వాళ్లు తమ పెట్టెలు బయటికి తీసుకుని వేరే చోట పండించి, మళ్లీ కొత్త విత్తనం తెచ్చి పెట్టారు. 2016లో మాత్రం వాతావరణం వేడెక్కి కరిగిన నీళ్లు సొరంగం ముంగిట్లోకి వచ్చేశాయి. విత్తనాలకి ఏం కాలేదు, కానీ దారి బాగుచేయించాల్సి వచ్చింది. మిగతా ప్రపంచం కంటే ఎన్నో రెట్లు వేగంగా ఆ దీవులు వేడెక్కుతున్నాయి. గడ్డకట్టిన నేల మీద స్తంభాలు పాతి కట్టిన ఇళ్లకి ఇదే పెద్ద బెంగ. 2015 డిసెంబరులో కొండ మీది మంచు ఊరి మీదికి జారి ఇళ్లు కొట్టుకుపోయి ఇద్దరు చనిపోయారు, ఆ తర్వాత కొండవాలుకి అడ్డుకట్టలు కట్టారు.

బుజ్జమ్మా, అక్కడికి వెళ్తే మన పిల్లిని తీసుకెళ్లొచ్చా అని నువ్వు తప్పకుండా అడుగుతావు. కుదరదమ్మా, పక్షుల కోసమని అక్కడ పిల్లుల్ని పెంచనివ్వరు. కుక్కలైతే బోలెడు, బళ్లు లాగేవి. ఊరు దాటాలంటే మాత్రం ధ్రువపు ఎలుగుబంటిని బెదరగొట్టే సాధనం చేతిలో ఉండాల్సిందే, పెద్దవాళ్లు రైఫిల్ కూడా పట్టుకెళ్తారు. సెలవుల్లో వచ్చినప్పుడు మిగతావి అడగండి.

ఉంటాను,
మీ తాతయ్య