స్లిప్పర్ క్లచ్: షెడ్డులో రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

మొన్న వానల్లో ఒక కుర్రాడు బండిని సగం నడిపి సగం తోసుకుంటూ షెడ్డుకు తెచ్చాడు. యాక్సిలరేటర్ తిప్పితే ఇంజను అరుస్తోంది గానీ బండి కదలనంటోంది. ఎన్నాళ్లుగా ఇలా ఉందని అడిగితే, "రెండు నెలలైంది బాబాయ్. స్లిప్పర్ క్లచ్ కదా, స్లిప్ అవుద్దిలే అనుకున్నా" అన్నాడు. సైడ్ కవరు విప్పితే క్లచ్ ప్లేట్లు మాడి నల్లబడ్డాయి, స్టీలు ప్లేట్ల మీద నీలం మచ్చలు తేలాయి. కాలిన వాసన సాయంత్రం దాకా పోలేదు. అబ్బాయిని ఏమనగలం, పేరే అలా ఉంది మరి.

అపోహ: స్లిప్పర్ క్లచ్ అంటే జారుతూ ఉండే క్లచ్

వాస్తవం: ఒక వైపే జారుతుంది. మామూలుగా ఇంజను, క్లచ్ ప్లేట్ల పట్టుతో చక్రాన్ని తిప్పుతుంది. యాక్సిలరేటర్ మూసి గేరు దించితే కథ తిరగబడి చక్రమే ఇంజనును తిప్పుతుంది. ఆ లాగుడు మరీ ఎక్కువైతే కాసేపు ప్లేట్ల పట్టు సడలించడమే స్లిప్పర్ పని.

విప్పి బెంచీ మీద పెడితే అందులో మాయేమీ కనపడదు. క్లచ్ నడిమి భాగమైన హబ్‌కీ, ప్లేట్లను నొక్కి పట్టే ప్రెషర్ ప్లేట్‌కీ మధ్య ఏటవాలుగా చెక్కిన మెట్లు, రెండు చేతుల వేళ్లు ఒకదాంట్లో ఒకటి దూర్చినట్టు కూర్చుంటాయి. చక్రం వైపు నుంచి లాగుడు రాగానే ప్రెషర్ ప్లేటు ఆ వాలు ఎక్కి కొంచెం బయటికి జరుగుతుంది. స్ప్రింగుల నొక్కుడు తగ్గి ప్లేట్లు జారతాయి. లాగుడు తగ్గగానే ప్లేటు మళ్లీ కూర్చుంటుంది. ఆ క్షణంలో క్లచ్ లివరు మీద వేళ్లుంటే సన్నగా అదురు తెలుస్తుంది, భయపడక్కర్లేదు.

యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు జారిందంటే మాత్రం అది జబ్బే. ఈ కుర్రాడి విషయంలో జబ్బు ఆయిల్‌ది. ఎవరో ఖరీదైన కారు ఆయిల్ పోస్తే ఇంజను మెత్తగా తిరుగుతుందని చెప్పారట. మన బండ్లలో క్లచ్ ఇంజన్ ఆయిల్లోనే మునిగి ఉంటుంది. చాలా కారు ఆయిళ్లలో రాపిడి తగ్గించే మందులు కలుపుతారు. రాపిడే ప్లేట్లకు తిండి. డబ్బా మీద జాసో (జపాన్ వాళ్ల ఆయిల్ ప్రమాణం) ఎంఏ గానీ ఎంఏ2 గానీ ఉందో లేదో చూసుకోండి. ఎంబీ అని ఉంటే అది స్కూటర్లకు. వాటి క్లచ్ ఆయిల్ తగలకుండా విడిగా ఉంటుంది కాబట్టి దానికి సరిపోతుంది.

అపోహ: లివరు తేలిగ్గా ఉందంటే అది స్లిప్పర్ మహిమ

వాస్తవం: అది దాని జోడీ మహిమ. పూర్తి పేరు అసిస్ట్ అండ్ స్లిప్పర్. అవే మెట్లకు రెండో పక్క ఎదురు వాలు ఉంటుంది. ఇంజను లాగేటప్పుడు ఆ వాలు ప్లేట్లను ఇంకా దగ్గరికి బిగిస్తుంది. బిగించే పని అది చేస్తుంది కాబట్టి మెత్తటి స్ప్రింగులు చాలు, అందుకే లివరు వేళ్లకు బరువనిపించదు. మన దగ్గర 2018లో వచ్చిన యమహా ఆర్15 మూడో వెర్షన్, ఆ ఏడాదే వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650, 2020 నాటి హోండా హైనెస్ సీబీ350, అన్నిట్లో ఈ జోడీయే.

నన్నడిగితే రోడ్డు మీద తిరిగేవాళ్లకు రోజూ పనికొచ్చేది ఈ అసిస్ట్ ముక్కే. సాయంత్రం ఆరింటికి విజయవాడలో బెంజ్ సర్కిల్ నుంచి రామవరప్పాడు రింగు దాకా ఎన్నిసార్లు క్లచ్ పడతారో లెక్కేసుకోండి. స్లిప్పర్ వంతు వచ్చేది నెలకోసారో, రెండు నెలలకోసారో.

అపోహ: ఇది రేసు సరుకు, రోడ్డు బండికి డాబు

వాస్తవం: సగం నిజం. ఒకప్పుడు రేసుల్లో నడిచిన టూ స్ట్రోక్ ఇంజన్లలో ఇంజన్ బ్రేకింగ్, అంటే యాక్సిలరేటర్ వదలగానే ఇంజనే బండిని పట్టి ఉంచడం, తక్కువ. 2002లో మోటోజీపీ అనే ప్రపంచ బైకు రేసుల్లోకి 990 సీసీ ఫోర్ స్ట్రోక్‌లు వచ్చాక మలుపుల ముందు వెనక చక్రం ఎగిరెగిరి పడటం పెద్ద తలనొప్పయింది. అక్కడ ఇది లేకపోతే జరగదు. అలాగని రోడ్డుకు నిన్నమొన్న వచ్చిన వస్తువూ కాదు. 1983లోనే హోండా తన వీఎఫ్750ఎఫ్ అనే రోడ్డు బండిలో ఇదే పని చేసే వన్ వే క్లచ్ పెట్టింది.

మనకు రేసు ట్రాక్ లేదు గానీ కోతల కాలంలో రోడ్డు మీద ఆరబోసిన వడ్లున్నాయి, తడిసిన జీబ్రా గీతలున్నాయి, అడ్డంగా వచ్చే గేదె ఉంది. కంగారులో ముందు బ్రేకు గట్టిగా పడతాం. బరువంతా ముందుకొచ్చి వెనక చక్రం తేలికవుతుంది. అదే కంగారులో రెండు గేర్లు దించి లివరు టక్కున వదిలేస్తాం. మామూలు క్లచ్ అయితే టైరు కీచుమని పక్కకి జరుగుతుంది. స్లిప్పర్ ఉంటే చాలాసార్లు ఆ తప్పు కడుపులో పెట్టుకుంటుంది. 300, 400 సీసీ దాటిన ఒంటి సిలిండర్ బండ్లలో ఈ తేడా బాగా తెలుస్తుంది. 97 సీసీ స్ప్లెండర్‌కు ఆ లాగుడే ఉండదు, ఇక స్లిప్పర్ ఎందుకు?

అపోహ: ఇంజన్ బ్రేకింగ్ పోతుంది, ఘాట్‌లో దిగడం ప్రమాదం

వాస్తవం: శ్రీశైలం నుంచి దోర్నాల వైపు రెండో గేర్లో నింపాదిగా దిగండి, ఇంజను ఎప్పటిలాగే పట్టి ఉంచుతుంది. నిదానంగా పడే లాగుడు వాలు ఎక్కించేంత ఉండదు. ఒక్కసారిగా వచ్చే కుదుపుకే అది కదులుతుంది.

అపోహ: స్లిప్పర్ ఉంది కదా, ఆరు నుంచి రెండుకు టకటకా దించేయొచ్చు

వాస్తవం: దీనికి మాత్రం నాకు కోపం వస్తుంది. ఆరో గేర్లో 5,000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) తిరిగే ఇంజను, అదే వేగంలో రెండో గేర్లో పడితే దాదాపు రెట్టింపు తిరగాలి. ముందే 7,000లో ఉంటే? ఇంజను మితిమీరి తిరగకుండా ఆపే లిమిటర్ ఉందిగా అంటారు. లిమిటర్ ఇంధనాన్నో స్పార్క్‌నో ఆపగలదు, వెనక నుంచి తోస్తున్న చక్రాన్ని ఆపలేదు. స్లిప్పర్ కుదుపును మెత్తబరుస్తుందే గానీ పూర్తిగా విడిపోదు. వాల్వులు పిస్టన్‌కు తగిలి వంగాయంటే హెడ్డు విప్పాల్సిందే. ఒక్కొక్క గేరూ దించుతూ, దించేటప్పుడు యాక్సిలరేటర్ చిన్నగా తడితే స్లిప్పర్‌తో పనే పడదు.

అపోహ: ఏబీఎస్ ఉంటే స్లిప్పర్ ఎందుకు?

వాస్తవం: 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ ఏబీఎస్, అంటే బ్రేకు పడితే చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు, తప్పనిసరి. మంచిదే. కానీ అది వదలగలిగేది బ్రేకు పట్టునే. చక్రాన్ని పట్టి ఉంచింది ఇంజను అయినప్పుడు దాని చేతిలో ఏమీ ఉండదు.

అపోహ: తోస్తే స్టార్టవ్వదు

వాస్తవం: మొదటి గేర్లో వేసి వదిలితే క్లచ్చో టైరో జారొచ్చు. రెండో గేర్లో ప్రయత్నించండి, చాలా బండ్లు అందుకుంటాయి. బ్యాటరీ మొత్తానికి చచ్చిపోతే ఇంజెక్షన్ బండిలో పెట్రోలు పంపుకే కరెంటుండదు. అప్పుడు స్లిప్పర్ ఉన్నా లేకపోయినా ఆయాసమే మిగులుతుంది.

ఇక పాత బండికి స్లిప్పర్ కిట్ వేయమని అడిగేవాళ్లు. కొత్త బండితో పాటు వస్తే సంతోషంగా తీసుకోండి. విడిగా కొని పెట్టించడం నేను వద్దనే చెబుతాను. పోయిన వారం ఒకాయన అలాగే వచ్చాడు. గేరు దించితే వెనక చక్రం కొట్టుకుంటోందట. చూస్తే వెనక టైరు నడిమధ్య పలకలా అరిగింది, చైను వేలాడుతోంది, వెనక చక్రం హబ్బులో రబ్బర్లు పిండయ్యాయి. టైరు, రబ్బర్లు మార్చి చైను బిగించి పంపాను. కిట్ సంగతి మళ్లీ ఎత్తలేదాయన.