పదకొండో నట్టు: సొంతంగా మార్చుకున్న ఎలక్ట్రిక్ బండ్లు, ట్రాక్టర్ల బ్యాటరీలపై అపోహలు - వాస్తవాలు

బ్యాటరీ చచ్చిపోయిందని అనంతపురంలో మా షెడ్డుకు తెచ్చే ప్యాకుల్లో నిజంగా అన్ని సెల్‌లూ పోయినవి చాలా అరుదు. పదహారింటిలో ఒక సెల్ నీరసించి ఉంటుంది, లేదా ఒక జాయింటు వదులై ఉంటుంది. మిగిలినవన్నీ దాని పాపం మోస్తుంటాయి. మోకు ఎంత లావుదైనా పురి విడిచిన చోటే తెగుతుంది కదా, ఇదీ అంతే.

చాలా ఏళ్లు ఆటోలకు, ఇన్వర్టర్లకు సీసం బ్యాటరీలు బిగించి, ఆ తర్వాత లిథియంకు వచ్చినవాణ్ణి నేను. ఇంజను తీసి మోటారు పెట్టుకున్న స్కూటర్లు, సరుకుల ఆటోలు, చీనీ (బత్తాయి) తోటల్లో తిరిగే చిన్న ట్రాక్టర్లు ఇప్పుడు నా దగ్గరికి ఎక్కువగా వస్తున్నాయి. వాటి యజమానుల నోట వినే మాటల్లో చాలావరకు సీసం బ్యాటరీ విషయంలో నిజాలే. వాటినే తెచ్చి లిథియం ఐరన్ ఫాస్ఫేటుకు, అంటే మేం ఎల్ఎఫ్‌పీ అనేదానికి, అతికించడంతోనే చిక్కంతా.

అపోహ: వోల్టేజి చూస్తే ఎంత చార్జి ఉందో తెలిసిపోతుంది

సీసం బ్యాటరీకి ఈ లెక్క పనికొస్తుంది. కొన్ని గంటలు కదపకుండా ఉంచి మీటరు పెట్టినప్పుడు 12.7 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.2 దగ్గరుంటే సగం అయిపోయినట్టు. ఎల్ఎఫ్‌పీ సెల్ అలా మనసు విప్పదు. 3.65 వోల్టుల దాకా నింపి వదిలితే గబగబా దిగి 3.3 దగ్గర కూర్చుంటుంది. అక్కడే ఉండి ఉండి, అడుగంటే వేళకు ఉన్నట్టుండి జారిపోతుంది. పదహారు సెల్‌ల ప్యాకులో 30 శాతం చార్జికీ 80 శాతం చార్జికీ మధ్య తేడా మొత్తం మీద వోల్టున్నర కూడా ఉండదు. మోటారు గట్టిగా లాగుతున్నప్పుడు సెల్‌లలో, కేబుళ్లలో కలిపి అంత పడిపోవడం మామూలే. నాలుగు గీతల మీటరును నమ్ముకుని పొలానికి వెళ్లినవారు గట్టు మీద నిలబడి నాకు ఫోను చేస్తుంటారు.

లోపలికి వచ్చిన కరెంటును, బయటికి పోయిన కరెంటును లెక్కపెట్టే షంటు మీటరు పెట్టుకోవాలి. అది కూడా చిల్లర తప్పులు పోగేసుకుంటుంది. నెలకు ఒకటి రెండుసార్లు పూర్తిగా చార్జి చేసి, దాన్ని నూరు దగ్గర సరిచేసుకోవాలి.

అపోహ: బీఎంఎస్ ఉంది కదా, ఇక మనం చూడనక్కరలేదు

బీఎంఎస్ అంటే ఒక్కో సెల్ వోల్టేజిని కనిపెడుతూ, హద్దు దాటితే కరెంటు ఆపేసే బోర్డు. అది చేనుకు కంచె లాంటిది. పశువును ఆపుతుంది, పైరుకు నీళ్లు పెట్టదు.

పోయిన వేసవిలో నార్పల వైపు నుంచి ఒక చీనీ రైతు తన చిన్న ట్రాక్టరును లారీలో వేసుకుని వచ్చాడు. 280 ఆంపియర్ అవర్ సెల్‌లు పదహారు. మందు కొట్టే పంపు తగిలించి నలభై నిమిషాలు నడిపేసరికి ఆగిపోతోంది. కాసేపు ఆగితే మళ్లీ కదులుతోంది.

"అన్నా, బీఎంఎస్ పాడైందట. దాన్ని తప్పించి నేరుగా కలిపేయమని చెప్పారు. కలిపేద్దామా?"

మూత తీసి, లోడు పెట్టి చూశాను. బీఎంఎస్ ఫోనులో చూపిన లెక్కలో పదకొండో సెల్ 2.59 వోల్టులు, మిగతావన్నీ 3.19 దగ్గర. సెల్ పోయిందనే ఎవరైనా అనుకుంటారు. మల్టీమీటర్ కడ్డీలను, సెల్‌లను కలిపే లోహపు పలక అయిన బస్‌బార్ మీద కాకుండా ఆ సెల్ స్టడ్డుల కొనల మీదే ఆనించాను. 3.19. సెల్ బంగారంలా ఉంది. పోతున్న 0.6 వోల్టు నట్టు కింద పోతోంది.

అప్పుడు ప్రవహిస్తున్నది 120 ఆంపియర్లు. అంటే ఆ జాయింటు దగ్గర నిరోధం ఐదు మిల్లీ ఓమ్‌లు. వినడానికి లెక్కలోది కాదు. కానీ 120ని 120తో గుణించి, దాన్ని మళ్లీ 0.005తో గుణిస్తే 72 వాట్లు. నేను టంకం పెట్టే ఐరన్ 60 వాట్లది. అంతకన్నా వేడిది ఒకటి, ప్లాస్టిక్ మూత కింద, సెల్ నెత్తిన కూర్చుని ఉంది. నట్టు చుట్టూ రాగి రంగు మారింది, దాని పక్కన స్లీవు అంచు కరిగి ముడుచుకుపోయింది. ఏ సెల్ అయినా 2.5 వోల్టులకు దిగితే ఆపేలా కటాఫ్ పెట్టి ఉండబట్టి బీఎంఎస్ ఆపుతూ వచ్చింది. దాన్ని తప్పించి ఉంటే ట్రాక్టరు ఆగకుండా నడిచేది, ఆ నట్టు ఎర్రబడేదాకా.

"అయితే బ్యాటరీ మార్చనక్కరలేదా?"

"నట్టు బిగించి బ్యాటరీ డబ్బులు తీసుకుంటే నేను మళ్లీ నార్పల దారిన పోగలనా?"

ఆ సెల్‌ల టెర్మినళ్లు అల్యూమినియంవి. గాలి తగిలితే చాలు, కంటికి కనబడని పొర కడుతుంది. సన్నని ఎమరీ కాగితంతో రుద్ది, స్పిరిట్‌తో తుడిచి, ఆలస్యం చేయకుండా బస్‌బార్ కూర్చి, తయారీదారు చెప్పిన బిగువుకు టార్క్ రెంచితో బిగించాలి. చేతి సత్తువ చూపిస్తే మర తెగి సెల్లే పోతుంది. ట్రాక్టరు అదురు కారు అదురు లాంటిది కాదు కాబట్టి మందపాటి పలక కన్నా పొరలు పొరలుగా ఉండి వంగే బస్‌బార్ మేలు. మొదటి వారం పని అయ్యాక ఒకసారి, తర్వాత ప్రతి సీజనుకు ముందు ఒకసారి బిగువు చూసుకోవాలి.

సెల్‌లను సమం చేయడం కూడా బీఎంఎస్ చూసుకుంటుందని వదిలేస్తారు. మామూలు బీఎంఎస్‌లు 50 నుంచి 100 మిల్లీ ఆంపియర్లతో ఆ పని చేస్తాయి. ఒక సెల్ 10 ఆంపియర్ అవర్లు వెనకబడి ఉంటే నూరు నుంచి రెండు వందల గంటలు పడుతుంది, అదీ చార్జి నిండబోయే చివరి దశలో గడిపిన గంటలే లెక్కకు వస్తాయి. ప్యాకు కట్టకముందే అన్ని సెల్‌లనూ ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ కలిపి 3.65 దాకా నింపి సమం చేయాలి. ఈ పనికి రెండు మూడు రోజులు పడుతుందంటే తొందరపడేవారే ఎక్కువ.

అపోహ: వాడకపోయినా నిండుగా చార్జి చేసి ఉంచాలి

సీసానికి ఇదే ధర్మం. అరకొర చార్జితో వదిలేస్తే పలకల మీద సల్ఫేటు గట్టిపడుతుంది. లిథియంకు తిరగబడుతుంది. నిండు చార్జి మీద, వేడిలో ఊరికే పడి ఉండటమే దాని ఆయుష్షును తింటుంది. వేరుశనగ విత్తనం పడ్డాక నెలల తరబడి మూల నిలబడే ట్రాక్టరును సగం చార్జి దగ్గర ఆపి ఉంచాలి.

ఇక్కడే ఇంకో గుంట ఉంది. తాళం తీసేసినా డీసీ కన్వర్టరు, డిస్‌ప్లే కలిసి 100 మిల్లీ ఆంపియర్లు తాగుతున్నాయనుకోండి, 280 ఆంపియర్ అవర్ ప్యాకులో ఉన్న సగం చార్జి రెండు నెలలు తిరక్కుండానే ఖాళీ. మెయిన్ స్విచ్చి తీసి ఉంచాలి, నెలకోసారి సెల్ వోల్టేజి చూడాలి. సున్నాకు పడిపోయిన సెల్‌ను ఎలాగోలా లేపి వాడదామని తెచ్చేవారికి నేను ఒప్పుకోను.

అపోహ: మన ఎండ మన బండ్లకు అలవాటే

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రోలుకు లేని ఓపిక సెల్‌కు ఎక్కడిది? కాగితాల మీద రాసే మూడు వేలు, ఆరు వేల సైకిళ్ల (ఒకసారి నింపి ఖాళీ చేస్తే ఒక సైకిల్) లెక్క ప్రయోగశాలలో 25 డిగ్రీల దగ్గర తీసింది. స్థూలంగా పది డిగ్రీలు పెరిగితే ముసలితనం రెండింతల వేగంతో వస్తుంది. నీడలో 42 ఉన్న రోజు రేకుల షెడ్డులోని ఇనుప పెట్టె లోపల 50 దాటుతుంది. షెడ్డు కన్నా వేపచెట్టు నయం. పని దించిన వెంటనే చార్జింగుకు పెట్టకండి, తెల్లవారుజామున పెట్టండి. పెట్టె వేడెక్కిందని నీళ్ల పైపు పట్టడం మాత్రం వద్దు. అలా తడిసిన ప్యాకుల్లో బీఎంఎస్ సన్న తీగల కొసలు పచ్చగా చిలుము పట్టి వస్తాయి.

అపోహ: ఇంజను తీసి మోటారు పెడితే ఏ ట్రాక్టరైనా అంతే పని చేస్తుంది

మోటారు చేస్తుంది. ట్యాంకు సంగతి చూడాలి. లీటరు డీజిల్లో సుమారు పది యూనిట్ల శక్తి ఉంటుంది. ఇంజను అందులో పావు వంతు, మహా అయితే మూడో వంతుకు కాస్త తక్కువ చక్రాల వైపు పంపి, మిగతాది పొగగా, వేడిగా వదిలేస్తుంది. పైన చెప్పిన పదహారు సెల్‌ల ప్యాకు 14 యూనిట్లది. అడుగంటా వాడకుండా కొంత మిగిల్చి, మోటారు, కంట్రోలరు నష్టాలు తీసేస్తే చేతికొచ్చేది 11. అంటే నాలుగు లీటర్ల డీజిల్ క్యాను. కర్నూలు వైపు నల్లరేగడిలో 45 హార్స్‌పవర్ ట్రాక్టరుతో లోతు దుక్కి దున్నితే గంట సేపు రావడమే కష్టం. ఎర్రనేల చీనీ తోటలో చిన్న ట్రాక్టరుతో మందు కొట్టడానికి, బండి లాగడానికి రెండు మూడు గంటలు హాయిగా వస్తుంది. పని చూసి ప్యాకు కట్టాలి.

సీసంతో అదే పని చేయాలంటే 150 ఆంపియర్ అవర్ బ్యాటరీలు పదమూడో పద్నాలుగో కావాలి. సగానికి మించి వాడితే అవి త్వరగా పోతాయి కదా. ఒక్కోటి యాభై కిలోలకు పైనే. లిథియం సెల్‌లయితే అన్నీ కలిపి 86 కిలోలు. ట్రాక్టరుకు బరువు ఎప్పుడూ చెడ్డది కాదు, చక్రానికి పట్టు వస్తుంది. తడి రేగడిలో దిగబడినప్పుడు మాత్రం ఏడు క్వింటాళ్ల సంగతి తెలుస్తుంది.

అపోహ: చక్రానికి ఆల్టర్నేటరు పెడితే నడుస్తూనే చార్జి అవుతుంది

ఒక చేతి డబ్బు రెండో చేతిలో వేసుకుంటే ఆస్తి పెరగదు. పైగా దారిలో కొంత రాలుతుంది.

అపోహ: ఎల్ఎఫ్‌పీ కాలదు, ఫ్యూజు లేకున్నా పరవాలేదు

మిగతా లిథియం రకాల కన్నా వేడికి ఎక్కువ తట్టుకుంటుందన్నది నిజం. కాలదన్నది నిజం కాదు. దెబ్బతిన్న సెల్ వదిలే వాయువు మండుతుంది. షార్టయితే ఈ ప్యాకు వేల ఆంపియర్లు ఇస్తుంది. ఫ్యూజు ప్యాకు ప్లస్‌కు జానెడు దూరంలో ఉండాలి. ఇంటికి వాడే ఏసీ ఎంసీబీ ఇక్కడ నమ్మదగింది కాదు. ఏసీ కరెంటు సెకనుకు నూరుసార్లు సున్నాకు వస్తుంది కాబట్టి నిప్పురవ్వ తెగుతుంది, డీసీలో అది సాగుతూనే ఉంటుంది. డీసీ అని రాసి, మీ ప్యాకు వోల్టేజికి తగినదే కొనండి.

రోడ్డెక్కే బండికి ఇంకో మాట. ఇష్టం వచ్చిన మోటారు పెట్టి ఆర్సీలో పెట్రోలు అనే ఉంచుకుంటే కుదరదు. ఏఐఎస్-123 అనే వాహన ప్రమాణం ప్రకారం ఆమోదం పొందిన కిట్టు వేయించి, రవాణా కార్యాలయంలో ఆర్సీ మార్పించుకోవాలి. ప్రమాదం జరిగిన రోజున బీమా వాళ్లు మొదట అడిగేది ఆ కాగితమే.

అపోహ: ఇవన్నీ మెకానిక్ చూడాల్సినవి

మూత తీయడం మెకానిక్ పని. వేడి చూడటం మీరూ చేయవచ్చు. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి. కరోనా రోజుల్లో నుదుటికి పెట్టినది పనికిరాదు, అది మనిషి ఒంటి వేడి దాటితే చెప్పలేదు. మెరిసే లోహం మీద ఏ థర్మామీటరైనా తప్పు చూపిస్తుంది. అందుకే ప్యాకు కట్టేటప్పుడే ప్రతి జాయింటు దగ్గర నల్ల టేపు ముక్క అంటించి, పైన పారదర్శకమైన మూత వేయిస్తాను. చూడాలనుకున్నప్పుడు చేతి ఉంగరం, కడియం తీసేసి, పని దించిన వెంటనే మూత పక్కకు జరిపి ఒక్కో టేపు మీదా గురిపెట్టడమే, దేన్నీ తాకనక్కరలేదు. అన్నీ ఒక్కలా ఉంటే మంచిది. ఒకటి మిగతావాటి కన్నా పది డిగ్రీలు ఎక్కువ ఉంటే బండి ఆపి మాకు ఫోను చేయాలి.

నార్పల రైతు ఇప్పుడు ప్రతి ఆదివారం కొలిచి ఫోనులో పంపుతాడు. పోయిన వారం పదకొండో నట్టు 41, మిగతావి 39, 40.