335 బారలు

సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని హెర్మిటేజ్ మ్యూజియంలో రెండు మీటర్ల ఎత్తు రాతి ఫలకం ఒకటుంది. దాని మీద మంగోల్ లిపిలో ఐదు వరుసలు. చెంఘీజ్ ఖాన్ ఒక దండయాత్ర ముగించుకొచ్చి సర్దార్లను కూడగట్టినప్పుడు, ఆయన తమ్ముడి కొడుకు యెసుంగె 335 బారల దూరానికి బాణం వేశాడని దాని సారాంశం. చాచిన రెండు చేతుల కొలతను మనం బార అంటాం, మంగోలులు అల్డ్ అంటారు. లెక్కేస్తే అర కిలోమీటరు దాటుతుంది.

కొంత గొప్ప కలిపారనుకున్నా, ఆ విల్లు సామాన్యమైంది కాదు. నడుమ చెక్క, విలుకాడి వైపు కొమ్ము, అవతలి వైపు జంతువుల నరాలు. వంచినప్పుడు కొమ్ము నొక్కుడుకు ఓర్చుకుంటుంది, నరం సాగుడుకు. అందుకే గుర్రం మీద అటూ ఇటూ తిప్పుకోగలిగే పొట్టి విల్లుకు అంత బలం. రౌతుకు మార్చి మార్చి ఎక్కడానికి ఒకటికి నాలుగు గుర్రాలుండేవి. మరి మేత? మంగోలియాలో పాత చెట్ల వలయాలు పరిశీలించిన శాస్త్రవేత్తలు 1211-1225 మధ్య అక్కడ వానలు బాగా పడ్డాయని 2014లో తేల్చారు. అలాగని సామ్రాజ్యాన్ని వానలే కట్టాయంటే నేనొప్పుకోను.

ఇంతకీ ఖాన్ ముగించుకొచ్చిన ఆ దండయాత్ర ఎవరి మీద? మధ్య ఆసియాలోని ఖ్వారెజ్మ్ రాజ్యం మీద. ఆ రాజ్యంలోని ఒట్రార్ అనే ఊరి పాలకుడు మంగోలుల వర్తక బిడారును గూఢచారులంటూ చంపించాడు. ఆ పగతో 1219లో కదిలిన సైన్యం బుఖారా, సమర్‌ఖండ్, మెర్వ్ మీదుగా సాగింది. నిషాపూర్ దగ్గర ఖాన్ అల్లుడొకడు బాణం దెబ్బకు చచ్చాడు. 1221లో ఊరు పడ్డాక తలలు నరికి, మగవాళ్లవి ఒక గుట్ట, ఆడవాళ్లవీ పిల్లలవీ మరో గుట్ట పోశారని పర్షియన్ చరిత్రకారుడు జువైనీ రాశాడు. పనితనం తెలిసిన 400 మందిని మాత్రం ప్రాణాలతో తోలుకుపోయారట. అంటే కోపంలోనూ లెక్క తప్పలేదు.

చచ్చినవాళ్లు 17 లక్షల పైమాటేనని ఒక పాత వృత్తాంతం. ఆ కాలపు ఊరు అంతమందిని పట్టదు, నేను నమ్మను. కానీ ఇలాంటి అంకెలు పుకారై ముందు ఊరికి చేరితే మంగోలులకు లాభమే. తలుపులు తీసిన ఊరు చాలావరకు కప్పంతో బయటపడేది.

తీయని ఊరి ముందుకు, అంతకుముందు పట్టుకున్న ఊళ్ల బందీలను తోలేవారు. కందకం పూడ్చేది వాళ్లే, గోడ మీంచి వచ్చే తొలి బాణాలు తగిలేదీ వాళ్లకే. పైనున్న విలుకాడు గురిపెట్టాల్సింది పక్క ఊరివాళ్ల మీద.